హైదరాబాదు జమాదారులు, ఏడెన్ రెసిడెన్సీ: హద్రమౌత్ తీరాన్ని నిజంగా నడిపించింది ఎవరు?

దస్త్రం:
సభ్యులందరికీ నమస్కారం. నిజాం కాలపు సైన్యాల గురించి చదువుతూ ఒక విషయం దగ్గర ఆగిపోయాను. దాని మీద మీ అందరి ఆలోచన తెలుసుకోవాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

అరేబియా దక్షిణ తీరంలో, ఏడెన్‌కు తూర్పుగా సుమారు 480 కిలోమీటర్ల దూరంలో ముకల్లా అనే రేవు ఉంది. ఇంకా తూర్పుకు వెళితే షిహ్ర్ వస్తుంది. ఈ రెండు రేవుల వెనుక పచ్చదనం లేని కొండలు, ఆ కొండల మీద రాతి పీఠభూమి, ఆ పీఠభూమి అవతల షిబామ్, సైవున్, తరీమ్ పట్టణాలున్న హద్రమౌత్ లోయ ఉన్నాయి. 1839 జనవరి 19న కెప్టెన్ హెయిన్స్ నాయకత్వంలో బొంబాయి నుంచి వచ్చిన దళం ఏడెన్‌ను పట్టుకున్నది. కాని ముకల్లాలో బ్రిటిష్ అధికారి స్థిరంగా కాపురం ఉండటం 1937లో గాని మొదలు కాలేదు. ఈ మధ్యకాలంలో అక్కడ వారికి కచేరీ లేదు, పోలీసు ఠాణా లేదు, శిస్తు వసూలు చేసే తహసీలుదారు లేడు. అయినప్పటికీ 1881లో ఆ రేవును ఎవరు ఏలాలో, ఎవరు ఓడెక్కి వెళ్లిపోవాలో తేల్చింది ఏడెన్‌లో ఉన్న బ్రిటిష్ ప్రభుత్వ ప్రతినిధి, అంటే ఏడెన్ రెసిడెంటే. గెలిచిన పక్షం మన హైదరాబాదులో జమాదారీ చేసిన కుటుంబం.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఆ తీరాన్ని తెరిచే తాళపుచెవి ఏడెన్‌లో కంటే హైదరాబాదులోనే ఎక్కువగా ఉండేదని నేను నమ్ముతున్నాను. ఈ మాట నిలుస్తుందో లేదో మీరు పరీక్షించండి.

సందేహి:
దస్త్రం గారూ, నాకు ఈ విషయం పూర్తిగా కొత్త. ఆ కుటుంబాన్ని ఖుఐతీలు అంటారని ఎక్కడో చదివాను. వీరికీ కువైటుకూ సంబంధం ఉన్నదా? ఒక జమాదారు, అంటే నాకు తెలిసినంతలో ఒక చిన్న సైనికోద్యోగి, సముద్రం అవతల రాజ్యం కొనగలిగేంత ధనవంతుడు ఎలా అయ్యాడు?

దస్త్రం:
కువైటుతో ఏ సంబంధమూ లేదు సందేహి గారూ, పేరులోని పోలిక మాత్రమే. ఖుఐతీలు యాఫిఈ తెగకు చెందినవారు, షిబామ్ పరిసరాల్లో స్థిరపడ్డారు. ఆ వంశంలో ఉమర్ బిన్ అవద్ అనే ఆయన హిందుస్థానానికి వచ్చి, మొదట నాగపూరు రాజు కొలువులో చేరి, తరువాత నిజాం సైన్యానికి మారాడు. 1865లో హైదరాబాదులోనే మరణించాడు.

ఇక జమాదారు అన్న మాట. బ్రిటిష్ పటాలాల్లో అది చిన్న హోదాయే. కాని 19వ శతాబ్దపు మధ్యభాగంలో హైదరాబాదులో అరబ్బు జమాదారు అంటే తన సొంత సిపాయిలను తానే పోషించుకొని, వారి జీతాల కింద సర్కారు నుంచి పెద్ద మొత్తాలు అందుకొనే దళపతి. అంతకంటే ముఖ్యంగా అతడు వడ్డీ వ్యాపారి. నిజాం ఖజానా వట్టిపోయిన ఆ రోజుల్లో సర్కారుకే అప్పిచ్చి, తాలూకాలకు తాలూకాలను తాకట్టు పెట్టుకొని, వాటి శిస్తును జమాదారులే వసూలు చేసుకొన్నారు. మొదటి సాలార్ జంగ్ దివాను పదవిలోకి వచ్చాక ఆ తాలూకాలను ఒక్కొక్కటిగా విడిపించడానికి చాలా కష్టపడవలసి వచ్చింది. దక్కను రైతు చెల్లించిన శిస్తులో కొంత భాగం బొంబాయి మీదుగా ఓడెక్కి షిబామ్ చేరిందని గుర్తుంచుకుంటేనే మిగతా కథ అర్థమవుతుంది.

ఇలాంటి జమాదారులు ముగ్గురు హైదరాబాదులో ఒకే కాలంలో ఉన్నారు: ఖుఐతీ, ఔలఖీ వంశానికి చెందిన అబ్దుల్లా బిన్ అలీ, కథీరీ సుల్తాను వంశానికి చెందిన ఘాలిబ్ బిన్ ముహ్సిన్. ముగ్గురూ ఇక్కడ సంపాదించి అక్కడ కోటలు కట్టాలని చూసినవారే. ఇక్కడి కొలువులోని పోటీ అక్కడి యుద్ధంగా మారింది. 1866లో ఘాలిబ్ బిన్ ముహ్సిన్ షిహ్ర్ రేవును పట్టుకుంటే, మరుసటి ఏడాదే ఖుఐతీలు ఆయనను వెళ్లగొట్టి తామే ఆ రేవులో కూర్చున్నారు.

కోఠీ పూర్వవిద్యార్థిని:
దస్త్రం గారి వాదానికి నేను కొంత బలం చేకూర్చగలను. మా కళాశాల నడిచిన భవనమే ఒకనాటి హైదరాబాదు రెసిడెన్సీ. ఆ పొడవాటి మెట్లు ఎక్కుతూ దిగుతూ చదువుకున్న మాకు ఆ భవనం నుంచి అరేబియా తీరపు వ్యవహారాలు కూడా నడిచేవని ఎవరూ చెప్పలేదు.

కాగితం ఎలా నడిచేదో చూడండి. ఏడెన్ రెసిడెంటు బొంబాయి ప్రభుత్వానికి లోబడినవాడు. షిహ్ర్ దగ్గర ఒక పడవను ఎవరైనా అడ్డుకున్నారన్న ఫిర్యాదు వస్తే ఆయన బొంబాయికి రాయాలి. బొంబాయి కలకత్తాలోని విదేశాంగ శాఖకు రాస్తుంది. ఆ ఫిర్యాదులో హైదరాబాదు జమాదారు పేరు ఉంటే కలకత్తా నుంచి కోఠీలోని రెసిడెంటుకు ఉత్తరం వస్తుంది, ఆయన దానిని దివాను సాలార్ జంగ్ ముందు పెడతాడు, దివాను జమాదారును పిలిపించి సంజాయిషీ అడుగుతాడు. సముద్రతీరంలో పేలిన తుపాకీకి జవాబు మూసీ ఒడ్డున చెప్పుకోవలసి వచ్చేది.

జమాదారుల భయమంతా ఇక్కడి కొలువు గురించే. నిజాం కొలువులో ఉన్నవారు అరేబియా యుద్ధాల్లోకి డబ్బు, ఆయుధాలు, మనుషులు పంపకూడదని బ్రిటిష్ ప్రభుత్వం పదే పదే ఒత్తిడి తెచ్చింది. కొలువు పోతే జీతం పోతుంది, జాగీరు పోతుంది, అక్కడి కోటలోని సిపాయికి తిండి పోతుంది. అందుకే ఏడెన్ ఫిరంగి కంటే కోఠీ ఉత్తరానికే వారు ఎక్కువగా జడిశారని నేను అనుకుంటాను.

ఉప్పుగాలి:
మీ ఇద్దరి మాటల్లోనూ సత్యం ఉంది గాని, అంతా హైదరాబాదు చేతిలోనే ఉన్నదంటే నేను అంగీకరించలేను. ఓడరేవుల్లో ముప్పయి ఏళ్లు ఉద్యోగం చేసినవాడిని, ఆ తీరాన్ని సముద్రం వైపు నుంచి చూసినవాడిని. ముకల్లా ఎలా ఉంటుందంటే, వెనుక నిట్టనిలువు కొండ, ముందు నీరు, ఆ రెండింటి మధ్య ఉన్న సన్నని మెట్టలో తెల్లని ఇళ్లు ఒకదాని భుజం మీద ఒకటి నిలబడి ఉంటాయి. కొండ అంచు మీద చిన్న కాపలా బురుజులు కనిపిస్తాయి. ఆ ఊరికి తిండి సముద్రం మీదనే రావాలి. ఒక్క యుద్ధనౌక వచ్చి రేవు ముందు లంగరు వేస్తే చాలు, ఊరంతా దాని గుప్పిట్లోకి వస్తుంది. అదీగాక నైరుతి రుతుపవనం వీచే నెలల్లో తెరచాప పడవలకు ఆ సముద్రం మూసుకున్నట్లే, ఆవిరి ఓడకు మాత్రం తెరిచే ఉంటుంది. ఈ తేడాయే ఏడెన్ రెసిడెంటు అసలు బలం.

మీరెవరూ ఇంతవరకు ముకల్లా పాత పాలకుల పేరు ఎత్తలేదు. వారు కసాదీలు, వారి పాలకుడిని నఖీబు అనేవారు. బ్రిటిష్ వారికి వారు శత్రువులు కారు. బానిసల వ్యాపారాన్ని నిలిపివేస్తామని 1863లో ఏడెన్ రెసిడెంటుకు రాసిచ్చినది కసాదీ నఖీబే. 1873లో బ్రిటిష్ దూత సర్ బార్టిల్ ఫ్రియర్ జాంజిబార్ దౌత్యయాత్రలో ఆ తీరానికి వచ్చినప్పుడు అదే హామీని మళ్లీ ఇచ్చినదీ ఆ వంశమే. అలాంటి వంశం ఎనిమిదేళ్లకు తన ఊరినుంచే వెళ్లిపోవలసి వచ్చింది.

జరిగినది ఇది. 1873లో నఖీబు సలాహ్ మరణించగా కుమారుడు ఉమర్ వచ్చాడు. ఖుఐతీలు వెంటనే పాత బాకీ తీర్చమని ఊరి మీద కూర్చున్నారు. తీర్చలేని కుర్రవాడి చేత ముకల్లాలో సగభాగాన్ని, పడమటనున్న బురూమ్ రేవును అమ్మినట్లు పత్రం రాయించుకున్నారు. ధర 2,50,000 డాలర్లు (ఆ తీరంలో చెల్లిన వెండి నాణేలు) అనుకొని, అందులో బాకీని మినహాయించుకున్నారు. నఖీబు ఆ తరువాత బలవంతం మీద సంతకం చేశానన్నాడు, పత్రం చెల్లదన్నాడు. మన పల్లెల్లో తాకట్టు దస్తావేజు పొలాన్ని ఎలా మింగేస్తుందో తెలిసినవారికి ఇది వివరించవలసిన పని లేదు. కాకపోతే ఇక్కడ మింగబడినది సముద్రం మీదకు తెరుచుకున్న ఒక రాజధాని.

రెసిడెంటు ష్నైడర్ 1876లో వచ్చి రెండేళ్ల సంధి చేయించాడు. సంధి గడువు తీరింది గాని తగవు తీరలేదు. చివరికి మధ్యవర్తిత్వానికి నఖీబు తలవంచలేదన్న కారణం చూపి, డ్రాగన్ అనే యుద్ధనౌక రంగంలోకి దిగింది. 1881 నవంబరులో నఖీబు ఉమర్ ఆ నౌక అధిపతికి లొంగిపోయి, పెద్ద పరివారంతో జాంజిబార్‌కు వలసపోయాడు. అతని పోషణకు ఖుఐతీ జమాదారు ఒక లక్ష డాలర్లు చెల్లించాలని తీర్పు. ఇందులో హైదరాబాదు డబ్బు ఉంది, నిజమే. ఆ డబ్బుకు ఊరి తలుపు తీసిపెట్టినది మాత్రం ఓడ.

బార్కస్ మనవడు:
ఈ చర్చను మూడు రోజులుగా చదువుతున్నాను. రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. మా ముత్తాత హద్రమౌత్ లోయ నుంచి వచ్చి నిజాం అరబ్బు దళంలో చేరినవాడు. మేము నాలుగు తరాలుగా బార్కస్‌లోనే ఉన్నాము. బ్యారక్స్ అన్న మాటే మా పేటకు పేరుగా మిగిలింది. ఊళ్లో మమ్మల్ని చావూష్‌లు అంటారు. ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు, నమాజులో అరబ్బీ మాకు పుట్టుకతో వచ్చాయి.

మా ఇంట్లో ఈ కథ వేరే విధంగా చెప్పుకునేవారు. మా తాత దృష్టిలో రెసిడెంటూ లేడు, వైస్రాయీ లేడు. జమాదారు పిలిచాడు, మనవాళ్లు వెళ్లారు, ఊరు గెలిచారు, అంతే. ఉప్పుగాలి గారు చెప్పిన కసాదీల సంగతి నేను ఇప్పుడే మొదటిసారి విన్నాను. వారు కూడా మాలాగే యాఫిఈ మూలాలున్నవారని ఆ తరువాత వెతికి తెలుసుకున్నాను. రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

తాత పెట్టెలో రెండు వస్తువులు మిగిలాయి. ఒకటి అరబ్బీ ఉత్తరం, చదివించవలసి ఉంది. రెండవది పెద్ద వెండి నాణెం. మీద లావుపాటి రాణి బొమ్మ, వెనుక రెండు తలల గద్ద, దాని చుట్టూ ఉన్న అక్షరాల్లో 1780 అన్న సంవత్సరం ఉన్నాయి. అంచు మీద అక్షరాలు ఉబ్బెత్తుగా వేలికి తగులుతాయి. మా ముత్తాత 1780 నాటివాడు కాడు కదా, ఈ నాణెం అంత పాతదై ఉంటుందా?

నాణేల సంచి:
బార్కస్ మనవడు గారూ, మీ పెట్టెలో ఉన్నది మరియా థెరీసా డాలరు. ఆస్ట్రియా రాణి మరియా థెరీసా 1780లో మరణించింది. ఆ తరువాత ఎన్నేళ్లు ముద్రించినా నాణెం మీద 1780 అనే వేశారు, ఎందుకంటే అరబ్బు వర్తకులు వేరే సంవత్సరం వేసిన నాణేన్ని నమ్మేవారు కాదు. బరువు 28 గ్రాములకు కొంచెం పైన ఉండాలి. రాణి తలకట్టు మీద ముత్యాలు అరిగిపోకుండా లెక్కకు అందుతున్నాయో లేదో చూసి గాని పుచ్చుకొనేవారు కాదు. కాబట్టి మీ నాణెం మీ ముత్తాత జీవితకాలంలో ముద్రించినదే కావచ్చు.

ఏడెన్ రెసిడెన్సీ దౌత్యమంతా ఈ నాణెం మీదనే నడిచింది. హెయిన్స్ ఏడెన్ పక్కనున్న లహేజ్ సుల్తానుకు నెలకు 541 డాలర్ల భత్యం ఒప్పుకున్నాడు. ముకల్లా దక్కిన మరుసటి సంవత్సరం, 1882లో, ఖుఐతీ జమాదారుతో కుదిరిన ఒప్పందంలో ఆయనకు రాసిన భత్యం సంవత్సరానికి 360 డాలర్లు. రోజుకు ఒక్క డాలరు చొప్పున కూడా పడదు! లక్షల్లో చెల్లించగల మనిషికి ఈ 360 ఎందుకు అని మీకు అనిపించవచ్చు. అది ఆయన అవసరానికి ఇచ్చినది కాదు. భత్యం పుచ్చుకొనే చెయ్యి రసీదు రాస్తుంది, రసీదు రాసిన చెయ్యి సంబంధాన్ని అంగీకరించినట్లే. భత్యం ఆపివేయడమే ఆ వ్యవస్థలో మొదటి శిక్ష. ఫిరంగి గౌరవం కూడా ఇలాంటిదే. ఖుఐతీ సుల్తానుకు 9 తుపాకుల వందనం నిర్ణయించారు. ఎవరికి ఎన్ని మోతలన్నది బ్రిటిష్ ఇండియా సంస్థానాలకు ఏ లెక్కన తూచారో, ఏడెన్ పరిధిలోని షేకులకు, సుల్తానులకు కూడా అదే లెక్కన తూచారు.

ఏడెన్‌కు వచ్చిన తెగపెద్దలకు రెసిడెన్సీ ఖర్చు మీద బస, భోజనం, తిరిగివెళ్లేటప్పుడు బహుమతులు ఉండేవి. వచ్చిన వారితో వారి భాషలో మాట్లాడి, వారి తగవులు విని, ఎవరిని ఎంతలో ఉంచాలో రెసిడెంటుకు చెప్పేవారు తరచుగా ఆంగ్లేయులు కారు. మోసుల్‌లో పుట్టిన హోర్ముజ్ద్ రస్సామ్ అనే పురాతత్వవేత్త ఏడెన్‌లో ఏళ్ల తరబడి రెసిడెంటుకు సహాయకుడుగా పనిచేశాడు. సంతకం రెసిడెంటుది, చెవులు వీరివి.

దస్త్రం:
నాణేల సంచి గారు ప్రస్తావించిన 1882 ఒప్పందాన్ని, 1888 ఒప్పందాన్ని పక్కపక్కన పెట్టి చదవాలి. మొదటిదానిలో జమాదారు తన భూభాగాన్ని బ్రిటిష్ ప్రభుత్వానికి తప్ప వేరెవరికీ అమ్మనని, తాకట్టు పెట్టనని ఒప్పుకున్నాడు. తాకట్టు పత్రంతోనే ముకల్లాను సంపాదించిన మనిషి చేత తాకట్టు పెట్టనని రాయించుకోవడం నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది. 1888 మే 1న కుదిరినది రక్షణ ఒప్పందం. విక్టోరియా రాణి చల్లని నీడలోకి తీసుకుంటున్నట్లు ఒక వాక్యం, అందుకు బదులుగా బ్రిటిష్ అనుమతి లేకుండా ఏ విదేశంతోనూ ఉత్తర ప్రత్యుత్తరాలు జరపకూడదని మరొక వాక్యం. 1886లో సొకోత్రా, మహ్రా సుల్తానుతో కుదిరిన ఒప్పందం కూడా ఇదే అచ్చులో పోసినది.

అప్పటికి సూయజ్ కాలువ తెరిచి 20 ఏళ్లు కావస్తున్నది. ఉస్మానీ తురుష్కులు 1872లో యెమెన్‌లోని సనా నగరానికి తిరిగివచ్చారు. ఫ్రెంచివారు, ఇటలీవారు ఎర్రసముద్రపు ఆవలి ఒడ్డున రేవులు సంపాదిస్తున్నారు. బొంబాయి నుంచి సూయజ్‌కు పోయే దారిలో మరొక దేశపు బొగ్గు నిల్వ వెలవకూడదన్నదే బ్రిటిష్ వారి పట్టుదల. లోపల ఎవరు ఎవరిని దోచుకున్నా, ఏ లోయలో ఏ తెగ ఏ బావిని మూసివేసినా వారికి పట్టలేదు. తీరం ఒక్కటి ఇతరులకు మూసి ఉంటే చాలు. అందుకు ముకల్లాలో అధికారి అక్కరలేదు, ఒక్క కాగితం చాలు.

సందేహి:
ఇప్పుడు నా అసలు ప్రశ్న అడుగుతాను. ఈ కాగితం వల్ల ఆ ప్రజలకు ఏమి దక్కింది? సుల్తాను ఎక్కడ ఉండేవాడు, ముకల్లాలోనా హైదరాబాదులోనా?

కోఠీ పూర్వవిద్యార్థిని:
సందేహి గారి రెండవ ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. 1902లో జమాదారు బిరుదు స్థానంలో సుల్తాను అన్న హోదా వచ్చింది, కాని నివాసం పెద్దగా మారలేదు. సుల్తాను అవద్ బిన్ ఉమర్, ఆయన తరువాత కుమారులు ఘాలిబ్, ఉమర్ నిజాం కొలువును వదులుకోలేదు. ఘాలిబ్ 1922లో, ఉమర్ 1936లో హైదరాబాదులోనే కన్నుమూశారు. ముకల్లాలో రోజువారీ పాలనను చాలాకాలం వజీరు హుసేన్ బిన్ హమీద్ అల్ మిహ్దార్ చూసుకున్నాడు. ముకల్లాలో సముద్రం ఒడ్డున 1920లలో కట్టిన సుల్తాను భవనంలో హిందుస్థానీ వాస్తు ఛాయలు కనిపిస్తాయని చూసినవారందరూ రాశారు.

నా మొదటి వాదంలో ఒక దిద్దుబాటు కూడా చేసుకుంటున్నాను. కోఠీ ఉత్తరం ఆయుధాలనూ మనుషులనూ ఆపగలిగిందే గాని, డబ్బును ఆపలేకపోయింది. డబ్బు వర్తకుల హుండీల మీద, అంటే ఒక ఊళ్లో కట్టిన సొమ్మును మరొక ఊళ్లో ఇప్పించే చీటీల మీద నడిచింది.

ప్రజలకు ఏమి దక్కిందంటే, 1918 వరకు దాదాపు ఏమీ లేదు. ఆ సంవత్సరం ఏడెన్ రెసిడెన్సీ మధ్యవర్తిగా నిలిచి ఖుఐతీలకూ కథీరీలకూ ఒప్పందం కుదిర్చింది. లోయలోని కథీరీలు 1888 రక్షణ ఒప్పందం తమకూ వర్తిస్తుందని అంగీకరించారు. సముద్రం మొహం ఎరుగని సైవున్, తరీమ్ ఊళ్లు ఆ విధంగా ఒక తీరప్రాంతపు కాగితం కిందకు వచ్చాయి. అయినా తెగల మధ్య పగలు చల్లారలేదు. పక్క ఇంటివాడి తుపాకీకి జడిసి సొంత ఖర్జూర తోటకు నీళ్లు పెట్టుకోలేని కుటుంబాలు ఉండేవి.

పాలనా వ్యవస్థ మారింది ఆ తరువాతనే. ఏడెన్ 1932లో బొంబాయి చేతినుంచి భారత ప్రభుత్వం చేతికి, 1937 ఏప్రిల్ 1న అక్కడినుంచి లండన్‌లోని వలసల శాఖ చేతికి మారింది. జాంజిబార్‌లో పనిచేసి వచ్చిన హెరాల్డ్ ఇంగ్రామ్స్ అనే అధికారి 1934లో భార్య డోరీన్‌తో కలిసి హద్రమౌత్ అంతా తిరిగాడు. తరీమ్‌కు చెందిన సయ్యద్ అబూబక్ర్ అల్ కాఫ్ సింగపూరులో తన కుటుంబం గడించిన ఆస్తిని రోడ్డు కోసం, సంధుల కోసం ధారపోశాడు. వీరిద్దరి ప్రయత్నంతో 1937లో 1,300కు పైగా పెద్దలు మూడేళ్ల సంధి మీద సంతకాలు చేశారు. అదే సంవత్సరం ఆగస్టు 13న సుల్తాను సాలిహ్ బిన్ ఘాలిబ్ సలహా ఒప్పందం మీద సంతకం చేశాడు. మతం, ఆచారం మినహా అన్ని విషయాల్లోనూ బ్రిటిష్ రెసిడెంటు సలహాదారు మాట వినడానికి అంగీకరించాడు. ఆ సలహాదారు ఇంగ్రామ్సే.

ఉప్పుగాలి:
ఆ సంతకాల వెనుక విమానాలు ఉన్నాయన్నది చెప్పకపోతే సగమే చెప్పినట్లు అవుతుంది. సంధికి లొంగని బిన్ యమానీ తెగ మీద 1937 ఆరంభంలో బ్రిటిష్ విమానదళం బాంబులు వేసింది. 1881లో ఓడ చేసిన పనిని అప్పుడు విమానం చేసింది. తేడా ఏమిటంటే ఓడ తీరం దగ్గరే ఆగిపోయింది, విమానం లోయలోకి వెళ్లింది.

న్యాయంగా మరొక సంగతీ చెప్పాలి. హద్రమౌత్ లోయ సొంత పంట మీద బతికేది కాదు, జావా, సింగపూరు, హైదరాబాదు నుంచి వచ్చే డబ్బు మీద బతికేది. జపాను సైన్యం జావాను ఆక్రమించగానే అటువైపు నుంచి రాబడి ఆగిపోయింది. 1943, 1944 సంవత్సరాల్లో లోయలో ఘోరమైన కరువు వచ్చింది. అప్పుడు అదే విమానదళం ధాన్యం మోసింది. ఆ ధాన్యంతో బతికినవారు ఉన్నారు, అది అందేలోపే పోయినవారు ఇంకా ఎక్కువమంది ఉన్నారు. యాభై ఏళ్లకు పైగా రక్షణ పేరుతో తీరానికి కాపలా కాసిన ప్రభుత్వం లోపల ఒక్క ధాన్యపు గిడ్డంగి కూడా నిలపలేదన్న బాధ నాకు ఇప్పటికీ తగ్గలేదు.

ఆ డబ్బు వచ్చే మూడవ దారి, హైదరాబాదు, 1948 సెప్టెంబరులో మూసుకుపోయింది. హైదరాబాదు భారతదేశంలో కలిశాక నిజాం అరబ్బు దళాలు రద్దయ్యాయి. చాలామంది అరబ్బులను నిర్బంధించారు, కొందరిని ఓడల్లో వెనుకకు పంపారు. వారిలో ఎందరో హద్రమౌత్‌ను ఎన్నడూ చూసినవారు కారు.

దస్త్రం:
ఉప్పుగాలి గారి వాదం విన్న తరువాత నా మొదటి మాటను సవరించుకుంటున్నాను. తాళపుచెవి హైదరాబాదులో ఉన్నదని అన్నాను. 1881 వరకు, ఎవరు పోటీలో నిలవాలన్నది హైదరాబాదు ధనమే తేల్చింది, ఆ మాట మీద ఇప్పటికీ నిలబడతాను. కాని నిలిచిన ఇద్దరిలో ఎవరు మిగలాలన్నది రెసిడెంటు తేల్చాడు, అందుకు ఆయన ఎన్నుకున్నది బాకీ ఉన్నవాడిని కాక బాకీ ఇచ్చినవాడిని. నిజాం కొలువులో ఆస్తి ఉన్నవాడు బ్రిటిష్ ఇండియా చేతికి అందుతాడు. ముకల్లా తప్ప మరేమీ లేని కసాదీ నఖీబు మీద అలాంటి పట్టు దొరకదు. ఖుఐతీని గెలిపించడం అంటే కోఠీ నుంచి అదుపు చేయగల మనిషిని ముకల్లా గద్దె మీద కూర్చోబెట్టడమే. ఓడ, ఉత్తరం ఒకే చేతిలోని రెండు పనిముట్లు అని ఇప్పుడు నాకు అనిపిస్తున్నది.

తార్నాకలోని రాజ్య అభిలేఖాగారంలో అరబ్బు జమాదారుల జీతాల లెక్కలు, ఫార్సీ గొలుసుకట్టులో రాసిన రసీదులు చూడాలనుకుంటున్నాను. ఫార్సీ చేతిరాత చదవగల సభ్యులు ఎవరైనా తోడు వస్తే ఒక వారం కేటాయించుకొని వెళదాము.

కోఠీ పూర్వవిద్యార్థిని:
నేను వస్తాను. ఫార్సీ అచ్చు చదవగలను, చేతిరాత కొంచెం కష్టపడితే వస్తుంది.

నాణేల సంచి:
లెక్కల్లో నిజాం నాణెమైన హాలీ సిక్కా, బ్రిటిష్ వారి కంపెనీ రూపాయి వేరువేరుగా ఉంటాయి, కలిపి కూడకండి. రెండింటికీ మారకపు రేటు ఏడాది ఏడాదికీ మారేది. కావలసినప్పుడు నన్ను అడగండి.

బార్కస్ మనవడు:
దస్త్రం గారూ, నన్ను కూడా కలుపుకోండి. నిన్న మా పేట మసీదులోని పెద్దాయన దగ్గరకు ఉత్తరం తీసుకువెళ్లాను. కాగితం నాలుగు మడతల దగ్గర చిరిగిపోయి ఉంది, ఆయన దానిని గాజు పలక మీద పరిచి భూతద్దంతో చదివారు. అది మా ముత్తాతకు ఆయన అన్న రాసినది. యుద్ధం మాట లేదు, సుల్తాను మాట లేదు. పంపిన రూపాయలు బొంబాయి వర్తకుడి ద్వారా అందాయని, చెల్లెలి పెళ్లి జరిగిందని, సముద్రం మూసుకుపోయింది కాబట్టి గాలి మారేవరకు పడవ కోసం ఎదురుచూడవద్దని, ఈలోగా జవాబు రాయదలిస్తే ఏడెన్ మీదుగా వచ్చే టపా ఓడకు వేయమని ఉంది. చివర ఒక పేరు, దాని కింద వేలిముద్ర.

నాణెం కూడా తూకం వేయించాను. 27 గ్రాముల చిల్లర వచ్చింది. అరిగినట్లుంది. రాణి తలకట్టు మీద ముత్యాలు మాత్రం ఇంకా లెక్కపెట్టడానికి అందుతున్నాయి.